దివాలా తీసినవాని ఇల్లు: ఫిఖహ్ గ్రంథాల తీర్పులపై ఒక విమర్శ

ఋణగ్రస్తుని ఆస్తిని ఖాజీ అమ్మించవలసి వచ్చినపుడు అతని ఒంటిమీద ఎన్ని బట్టలు మిగల్చాలి? ఇమామ్ మర్గీనానీ (మరణం 1197) తమ ‘హిదాయా’లో ఈ ప్రశ్నను వదలలేదు. ఒక జత చాలునన్నది ఒక అభిప్రాయం. ఉతికి ఆరవేసుకొన్న వేళ కట్టుకోవడానికి మరొకటి ఉండాలి గనుక రెండు జతలు వదలాలన్నది ఇంకొకటి. ఇంత సూక్ష్మంగా ఆలోచించిన గ్రంథకర్త, ఆ మనిషి తలదాచుకొనే ఇంటి సంగతి అక్కడ విడిగా ఎత్తలేదు. ముందు నగదు, పిదప చరాస్తి, ఆఖరున స్థిరాస్తి అమ్మాలన్న క్రమం చెప్పి ఊరుకున్నారు. చాలామందికి ఉన్నదంతా ఇల్లే గనుక ఇది చిన్న లోపం కాదు.

ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) అసలు ఖాజీకి అమ్మే అధికారమే ఇవ్వలేదు. యజమాని అంగీకారం లేని విక్రయం విక్రయం కాదనీ, అతని హక్కులను స్తంభింపజేయడం మనిషితనాన్నే తక్కువ చేయడమనీ ఆయన వాదం. ఇది ఉదాత్తమైన మాటే. కాని అమ్మడానికి ఒప్పుకొనేదాకా అతణ్ణి చెరసాలలో ఉంచవచ్చన్నారు. ఇల్లు నిలిచి, ఇంటివాడు జైలులో ఉంటే ఆ కుటుంబానికి ఒరిగేదేమిటి? శిష్యులు ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ ఇందుకు భిన్నంగా, అతడు నిరాకరిస్తే ఖాజీయే అమ్మి ఋణదాతలకు వారి వారి వంతుల ప్రకారం పంచాలన్నారు. తరువాతి హనఫీ పండితులు ఈ పక్షానికే ఫత్వా ఇచ్చారు.

ఇల్లు ప్రశ్నను సూటిగా ఎదుర్కొన్నది హంబలీ పండితుడు ఇబ్ను ఖుదామా (మరణం 1223). ఇల్లు అమ్మి, బదులు అద్దె ఇల్లు చూపాలన్న ఇమామ్ మాలిక్, ఇమామ్ షాఫయీల అభిప్రాయాన్ని తమ ‘ముగ్నీ’లో పేర్కొని, దానిని అంగీకరించలేదు. తిండీ బట్టా ఎలాంటివో నివాసమూ అలాంటిదే, అది లేకుండా జరగదు కనుక అప్పు కింద పోరాదన్నారు. అయితే ఆయన అక్కడితో ఆగలేదు. రెండిళ్లుంటే ఒకటి అమ్మాలి. ఉన్న ఒక్కటీ స్థాయికి మించినదైతే దానిని అమ్మి, తగినది కొనిచ్చి, మిగిలిన సొమ్ము ఋణదాతలకు చెల్లించాలి. ఇక ఆ ఇంటినే అరువుకు కొని సొమ్ము చెల్లించకపోతే, అమ్మినవాడు దానిని తిరిగి తీసుకోవచ్చు. అరువుకు ఇల్లు కొని, ఇల్లు నాకవసరం అని తప్పించుకొనే దారిని ఆయన ముందే మూసివేశారు. 1869-1876 నడుమ ఉస్మానీయులు కూర్చిన ‘మజల్లా’ హనఫీ గ్రంథమే అయినా, పెద్ద ఇల్లు అమ్మి చిన్నది కొనిచ్చే ఈ పద్ధతినే స్వీకరించింది. హిదాయా వదిలిన ఖాళీ అలా పూడింది.

తాకట్టు ఇంటి సంగతి వేరు. యాభై లక్షల ఇంటిపై ఇరవై లక్షల అప్పుంటే మిగతా ముప్పై లక్షలు ఎవరివి? ఇక్కడ హిదాయాయే బలంగా నిలుస్తుంది. తాకట్టు వస్తువు విలువలో అప్పుకు మించిన భాగం ఋణదాత చేతిలో అమానతు అని దాని తాకట్టు అధ్యాయం చెబుతుంది. వస్తువు చేతిలో ఉన్నంత మాత్రాన అదంతా అతనిది కాదు. దానిని అమ్మినా అప్పు పోను మిగిలినది యజమానికి చెందవలసిందే.

భారతదేశపు 2016 నాటి దివాలా స్మృతి, ఋణగ్రస్తునికి వదలవలసిన ఆస్తులలో ఒక్క నివాసగృహాన్ని చేర్చింది, అదీ తాకట్టులో లేనిదై ఉండాలి. కంపెనీల అప్పులకు వ్యక్తిగత హామీ ఇచ్చినవారి విషయంలో 2019 నియమాలు ఆ ఇంటి విలువకు పట్టణాలలో 20 లక్షలు, గ్రామాలలో 10 లక్షల రూపాయలు హద్దు పెట్టాయి. తాకట్టు ఇంటికి మినహాయింపు లేదన్న చోట స్మృతికీ ఇబ్ను ఖుదామాకూ పొత్తు కుదురుతుంది. హద్దు దగ్గర కుదరదు. ఆయన కొలత ఆ కుటుంబపు అవసరం, స్మృతి కొలత రూపాయి. ఇల్లు 20 లక్షలు దాటితే, దానిని అమ్మి ఆ కుటుంబానికి తగిన చిన్న ఇల్లు కొనిచ్చే బాధ్యతను ఆ నియమాలు ఎవరిమీదా పెట్టలేదు. హైదరాబాదులో ఆ సొమ్ముకు ఎంత ఇల్లు వస్తుందో పాఠకులకు తెలియనిది కాదు.