అబిడ్స్ ఫుట్‌పాత్ మీద 'సి'

అబిడ్స్‌లో ఓ ఆదివారం, ఫుట్‌పాత్ మీద బేరమాడి కొన్నాను కెర్నిహన్, రిచీల 'ది సి ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్', 1988 నాటి రెండో ఎడిషన్. మూడు వందల పేజీలు కూడా లేవు. ఒక్క మాట ఎక్కువుండదు. ఎక్సర్‌సైజులిచ్చి వదిలేస్తారు, జవాబులుండవు.

ఆ క్లుప్తతే ఐదో అధ్యాయంలో, పాయింటర్ల దగ్గర, నన్ను ముంచింది. బొత్తిగా కొత్తవాళ్లకు కాదని రచయితలు ముందుమాటలోనే చెప్పారు, నేనే దాటేశా. తెలుగు మీడియంలో చదివినవాణ్ని, ఇంగ్లిషూ కొత్తే, కోడూ కొత్తే. యశవంత్ కనేత్కర్ 'లెట్ అస్ సి' విడమర్చి చెప్పాకే పాయింటర్ బోధపడింది. మళ్లీ కెర్నిహన్ దగ్గరికొచ్చా. ఈసారి ఆ క్లుప్తతలో అందం కనిపించింది.

రెండూ చవగ్గానే దొరికాయి. కానీ ఏది ముందు చదవాలో తెలియక నేను పోగొట్టుకున్నది డబ్బు కాదు, ఒక సెమిస్టర్.