సాక్ష్యం ఎవరికి చెప్పాలి?

1986 ఏప్రిల్ 18న షార్జాలో చేతన్ శర్మ వేసిన చివరి బంతిని జావేద్ మియాందాద్ సిక్సర్ కొట్టాడు. మర్నాడు శనివారం. బళ్లో ఎనిమిదో తరగతి మొత్తం నా వైపు తిరిగింది. ‘ఏరా సాయిబూ, రాత్రి మీ ఇంట్లో బిర్యానీయా?’ అన్నాడు పక్క బెంచీ వాడు. వాడు నాకు శత్రువేం కాదు. రోజూ నా అన్నం గిన్నెలో చెయ్యి పెట్టేవాడే. నేను అందరికంటే పెద్ద గొంతుతో మియాందాద్‌ని తిట్టాను. క్లాసు శాంతించింది. ఆ సిక్సర్‌ని నేను చూడలేదు కానీ ఆ తిట్టు మాత్రం ఇప్పటికీ చెవుల్లో ఉంది.

ఇంటికొచ్చి చెబితే, పరుపు కుడుతున్న మా నాన్న తలెత్తకుండానే అన్నాడు: ‘మనం ఇంట్లో మాట్లాడేది తెలుగేనని చెప్పకపోయావా?’

మాది దూదేకుల కుటుంబం. నాన్న చెప్పమన్నది నిజమే. కానీ ఆ నిజం బళ్లో పనికొచ్చినా మసీదులో పనికిరాదు. శుక్రవారం అక్కడ ఉర్దూ మాట్లాడే పిల్లలు నా ఉచ్చారణ విని నవ్వేవాళ్లు. తురకలు లేని ఊళ్లో దూదేకులవాడే ముల్లా అనే సామెత బళ్లోనూ విన్నాను, మసీదు గుమ్మంలోనూ విన్నాను. ఒకచోట మరీ సాయిబుని, ఇంకోచోట చాలని సాయిబుని.

దీన్ని మనవాళ్లు అపార్థం అంటారు. ఆ మాట మీద నాకు పేచీ ఉంది. అపార్థమంటే తెలియక చేసిన పొరపాటులా ధ్వనిస్తుంది. తెలియజేస్తే పోతుందనిపిస్తుంది. పక్క బెంచీ వాడికి నా గురించి తెలియనిదేముంది? మా ఇంట్లో ఏ పూట ఏం వండుతారో కూడా తెలుసు. అయినా ఆ శనివారం వాడికి నేను కనపడలేదు, నా పేరు కనపడింది. గజనీ మహమ్మద్ సోమనాథ్ మీద పడ్డ పాఠం చదివిన రోజూ అంతే. మాస్టారు ఒక్క చెడ్డ మాట అనలేదు. పాఠం ఆపి, ఒక్క క్షణం నా వైపు చూశారు. మిగతా పని ఆ చూపే చేసింది.

ఇలాంటప్పుడు మన పెద్దలు పిల్లల చేతికి ఒక జాబితా ఇస్తారు. ఇబ్రహీం కుతుబ్ షా తపతీ సంవరణోపాఖ్యానాన్ని అంకితం పుచ్చుకున్నాడు. అమీన్ ఖాన్‌కి యయాతి చరిత్ర అంకితమైంది. పిఠాపురంలో ఉమర్ అలీషా తెలుగులో పద్యాలు రాశాడు. బిస్మిల్లా ఖాన్, అబ్దుల్ కలాం సరేసరి. అన్నీ గర్వపడాల్సినవే, తెలుగు వాచకాల్లో ఉండాల్సినవే. కానీ పన్నెండేళ్ల పిల్లాడు క్లాసులో లేచి వీళ్ల పేర్లు వల్లించడమంటే ఏమిటి? బోనెక్కి సాక్షుల్ని పిలవడమే కదా! బోనులోకి ఎవరు ఎక్కించారని అడిగేవాడు లేడు. వాడి మిత్రుడు మాత్రం ఏ పేర్లూ వల్లించకుండానే ఈ దేశస్థుడు.

ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’ 1991లో వచ్చినప్పుడు నన్ను కుదిపింది ఇందుకే. అందులో మాట్లాడేవాడు తన నిర్దోషిత్వానికి రుజువులు వెతుక్కోడు. పుట్టకముందే నేరం ఎలా రాసిపెట్టారని నిలదీస్తాడు. నేను ఎనిమిదో తరగతిలో అడగలేకపోయిన ప్రశ్న అది.

తర్వాత 1998లో ‘జల్‌జలా’, 2004లో ‘వతన్’ వచ్చాయి. అవి రాకుంటే నేను ఈ నాలుగు ముక్కలు రాసే చోటు కూడా ఉండేది కాదు. ఆ రుణం ఒప్పుకుంటూనే అంటున్నాను: మన కవిత్వంలో చాలాభాగం ఇంకా పక్క బెంచీ వాడితోనే మాట్లాడుతోంది. మేమూ ఈ మట్టివాళ్లమేనని వాడికి చెప్పి చెప్పి గొంతు అరిగిపోయింది. పోనీ ఆ ‘మేము’లోనైనా అందరం ఉన్నామా? నాలుగు ఉర్దూ మాటలు అద్దితేనే అది ముస్లిం కవిత అనే అలవాటొకటి మనలో పెరిగింది. మా అమ్మ దువా కూడా తెలుగులోనే చేసేది. ఆమెకి ఆ కవితలో చోటెక్కడ? పక్క బెంచీ వాడు నాలో పేరుని చూసి మనిషిని వదిలేశాడని కోపం కదా మనకి!

కథలు ఈ విషయంలో కొంత నయం. కథలో మనిషి బజారుకెళ్లి ఖీమా కొనాలి, అప్పులవాణ్ణి తప్పించుకోవాలి, ఆడపిల్ల పెళ్లికి జోడేకి రఖం సమకూర్చాలి. ఇంత పని పెట్టుకున్నవాడికి సంజాయిషీ ఇచ్చే తీరిక ఉండదు. అందుకే మంచి కథలో మనవాడు కాసేపైనా బోను దిగుతాడు, తన తప్పులు కూడా దాచుకోడు.

2017లో నాజియా ఇరమ్ ‘మదరింగ్ ఎ ముస్లిం’ రాసింది. నగరాల్లో, పెద్ద పెద్ద బళ్లలో చదివే పిల్లల తల్లులతో మాట్లాడి రాసిన పుస్తకం. చదువుతుంటే నా ఎనిమిదో తరగతే ఏసీ గదిలోకి మారినట్టుంది.

2020 వేసవిలో, టీవీల నిండా తబ్లిగీ వార్తలున్న రోజుల్లో, మా మేనకోడలు ఫోన్ పట్టుకుని నా దగ్గరికొచ్చింది. క్లాసు వాట్సాప్ గ్రూపులో ఒకమ్మాయి పెట్టింది: ‘కరోనా మీవాళ్లే తెచ్చారంట కదా?’ దాని కింద రెండు నవ్వు బొమ్మలు.

‘ఏం రాయను మామయ్యా?’

ఫోన్ తీసుకుని టైపు చెయ్యడం మొదలుపెట్టాను. కలాం పేరు దాకా వచ్చి ఆగాను. అంతా చెరిపేసి ఫోన్ దాని చేతికిచ్చేశాను. కాసేపు తెర వంక చూసి, అది తనే ఏదో కొట్టింది. తొంగి చూశాను.

‘రేపటి లెక్కల హోంవర్క్ ఎవరైనా పెట్టండి.’