సోడా దారి, కొవ్వు దారి

క్యాన్సర్ కణితి లోపల పులుపు ఉంటుందన్నది పాత సంగతే. మన రక్తం పీహెచ్ 7.4 దగ్గర నిలకడగా ఉంటుంది. గట్టి కణితుల్లో కణాల చుట్టూ ఉండే ద్రవం మాత్రం చాలాచోట్ల 6.5కీ 6.9కీ మధ్యకు దిగిపోతుంది. చూడ్డానికి చిన్న తేడా. కానీ పీహెచ్‌లో ఒక్క అంకె తగ్గితే ఆమ్లం పదింతలవుతుంది, కాబట్టి 7.4 నుంచి 6.7కు దిగడమంటే హైడ్రోజన్ అయాన్లు అయిదు రెట్లు కావడం. కణితులు ఆక్సిజన్ అందుతున్నా చక్కెరను లాక్టిక్ ఆమ్లంగా మారుస్తాయని 1920లలో జర్మనీలో ఒట్టో వార్‌బర్గ్ చూపించాడు. అప్పట్నుంచి క్యాన్సర్ తిండి అనగానే అందరి చూపూ చక్కెర మీదికే పోయింది. ఆ ఆమ్లం సంగతి ఏం చేయాలన్న ప్రశ్నకు వచ్చిన రెండు జవాబులను పక్కపక్కన పెట్టి చదవాలని ఈ ప్రయత్నం.

మొదటిది 2009లో 'క్యాన్సర్ రీసెర్చ్' పత్రికలో వచ్చింది. రోబీ మొదటి రచయిత, వెనక ఉన్న పెద్దలు రాబర్ట్ గేటెన్‌బీ, రాబర్ట్ గిల్లీస్. కణితి తన ఆమ్లంతో చుట్టుపక్కల ఆరోగ్యకరమైన కణజాలాన్ని చంపి దారి చేసుకుంటుందని గేటెన్‌బీ 1996 నుంచే వాదిస్తున్నాడు. ఆ వాదం నిజమైతే ఆమ్లాన్ని విరిచేస్తే కణితి ఆగాలి. అందుకని రొమ్ము క్యాన్సర్ పెట్టిన ఎలుకలకు తాగేనీళ్లలో సోడియం బైకార్బొనేట్, అంటే మన వంటసోడాయే, కలిపి ఇచ్చారు. కణితి బయటి పీహెచ్ పెరిగింది, వేరే అవయవాలకు వ్యాప్తి తగ్గింది.

రెండోది 2016లో 'సెల్ మెటబాలిజం'లో వచ్చింది. బ్రస్సెల్స్‌లో ఒలివియే ఫెరోన్ ప్రయోగశాల పని, మొదటి రచయిత సిరిల్ కోర్బే. వీళ్లు ఆమ్లాన్ని విరిచే ప్రయత్నమే చేయలేదు. క్యాన్సర్ కణాలను పీహెచ్ 6.5 ఉన్న ద్రవంలో చాలాకాలం పెంచి, ఆ పులుపుకు అలవాటుపడ్డవి ఏం తిని బతుకుతున్నాయో చూశారు. మొదటి వ్యాసంలో ఆమ్లం కణితి విసిరే ఆయుధం. రెండోదాంట్లో ఆ ఆయుధం తిరిగి విసిరినవాణ్నే తాకుతుంది. పులుపు ముదిరితే చక్కెరను విరిచే యంత్రాంగమే మందగిస్తుంది. అంటే కణితి తన అలవాటుతో తన పొయ్యినే ఆర్పుకుంటుంది. ఇంత స్పష్టంగా కనిపించే చిక్కును మొదటి వ్యాసం పట్టించుకోకపోవడం నాకు వింతగా తోస్తుంది.

చక్కెర ఆగితే దిక్కు కొవ్వే. ఈ కణాల్లో అసిటైల్ కో-ఏ అనే రెండు కార్బన్ల ముక్కకు ప్రధాన వనరు కొవ్వు ఆమ్లాల దహనమైపోయిందని కోర్బే బృందం చూపించింది. అంతవరకే అయితే పెద్ద విశేషం కాదు. అసలు విశేషం, అదే కణం గ్లూటమిన్ అనే అమైనో ఆమ్లం నుంచి కొత్త కొవ్వు కూడా తయారు చేసుకుంటోంది. ఒక చేత్తో కలప కోసి ఇల్లు కడుతూ ఇంకో చేత్తో కలపనే పొయ్యిలో పెట్టడం లాంటిది ఇది. మామూలు కణంలో ఇది కుదరదు, ఎందుకంటే కొవ్వు తయారయ్యేటప్పుడు పుట్టే మలొనైల్ కో-ఏ, కొవ్వు మైటోకాండ్రియాలోకి వెళ్లే గుమ్మాన్ని మూసేస్తుంది. ఆ గుమ్మం దగ్గరే మలొనైల్ కో-ఏ తయారు చేసే ఎంజైము పేరు ఏసీసీ2. పులుపుకు అలవాటుపడ్డ కణంలో సర్టుయిన్లు అనే ప్రొటీన్లు, డీఎన్‌ఏ చుట్టుకునే హిస్టోన్ల మీది అసిటైల్ గుర్తులు చెరిపేసి ఏసీసీ2 జన్యువును అణిచేస్తాయి. గుమ్మం తెరిచే ఉంటుంది, తయారీ వేరే చోట సాగిపోతుంది. అంతేకాదు, కొవ్వు నుంచి పోగుపడ్డ అసిటైల్ ముక్కలు మైటోకాండ్రియా ప్రొటీన్లకే అంటుకుని శ్వాస గొలుసులో మొదటి యంత్రాన్ని నెమ్మదింపజేస్తాయి. దాంతో కణానికి హాని చేసే ఆక్సిజన్ రాడికల్స్ కూడా తగ్గుతాయి.

చదువుతుంటే ముచ్చటేస్తుంది. కొంచెం అనుమానమూ వేస్తుంది. ప్రతి ఫలితమూ తర్వాతిదానికి తాళంచెవిలా సరిపోతుంది. గిన్నెలో పీహెచ్ 6.5 రోజూ 6.5గానే ఉంటుంది. శరీరంలోని కణితిలో అలా ఉండదు. రక్తనాళానికి దగ్గరున్న కణానికి ఒక పులుపు, దూరంగా ఉన్నదానికి ఇంకో పులుపు. ఈ విషయంలో 2009 వ్యాసానిదే పైచేయి. అది బతికున్న జంతువుతో మొదలవుతుంది, చిందరవందరగా ఉంటుంది, ఆ చిందరవందరను దాచుకోదు. సోడా ఇచ్చినా రక్తంలో తిరిగే క్యాన్సర్ కణాల లెక్క తగ్గలేదని రాసుకున్నారు. తోకనరంలోకి కణాలు ఎక్కించిన ప్రయోగాల్లో ప్రొస్టేట్ క్యాన్సర్ వ్యాప్తి ఆగింది గానీ బీ16 మెలనోమా ఆగలేదనీ రాశారు. మన వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే "వంటసోడాతో క్యాన్సర్ మాయం" సందేశాల్లో బీ16 ఊసెక్కడా ఉండదు. మనుషులకు అంత సోడా తాగించే ప్రయత్నాలు రుచి దగ్గరే, కడుపు దగ్గరే చతికిలబడ్డాయన్న మాటా ఉండదు.

కణాల లెక్క తగ్గకపోయినా అవి కొత్తచోట పాతుకోవడం ఎందుకు తగ్గింది? 2009 వ్యాసం పూర్తిగా తేల్చని ఈ ప్రశ్నకు ఒక సమాధానం బ్రస్సెల్స్ నుంచే 2020లో వచ్చిందని నా చదువు. పులుపుకు అలవాటుపడ్డ కణాలు టీజీఎఫ్-బీటా2 సంకేతంతో కొవ్వును బొట్లుబొట్లుగా లోపల దాచుకుంటాయి. పట్టు వదిలి ఒంటరిగా ప్రయాణించేటప్పుడు చావకుండా ఉండటానికి ఆ నిల్వే ఇంధనం. దారిబత్తెం లేని కణం రక్తంలో కనిపించినా గమ్యం చేరలేకపోవచ్చు.

ఆ దాచుకునే అలవాటు మీదే అదే ప్రయోగశాల 2021లో గురిపెట్టింది. కొవ్వు అందకుండా చేయాలని 2016 వ్యాసం చదివిన ఎవరైనా అనుకుంటారు. దియెర్జ్ మొదటి రచయితగా వచ్చిన ఈ వ్యాసం తలకిందులుగా ఆలోచించింది: ఎక్కువ తినిపిస్తే? అదీ చేపనూనెలో ఉండే డీహెచ్‌ఏ లాంటి, జంటబంధాలు ఎక్కువున్న కొవ్వును. సీసాలో పాత నూనె వాసన పట్టడానికి ఏ రసాయన చర్య కారణమో, అదే చర్య ఈ కొవ్వు మీద కణంలోనూ జరుగుతుంది. బొట్లలో దాచే చోటు ఉన్నంతసేపు కణానికి ఇబ్బంది లేదు. చోటు నిండాక ఆక్సీకరణ పొరలకు పాకి, ఫెరోప్టోసిస్ అనే చావు వస్తుంది. జంటబంధాలు ఎన్ని ఎక్కువైతే దెబ్బ అంత గట్టిది. ఒమేగా-3లే కాదు, ఒమేగా-6లు కూడా ఈ పని చేశాయి. కొవ్వును బొట్లుగా కట్టే ఎంజైమును మందుతో ఆపితే దెబ్బ ఇంకా పెరిగింది. ఎలుకల్లో ఒమేగా-3 ఎక్కువున్న మేత కణితి పెరుగుదలను ఆలస్యం చేసింది. ఆలస్యం చేసింది, మాయం చేయలేదు. చేపనూనె మాత్రల డబ్బా మీద ఈ తేడా ఎవరూ అచ్చువేయరు.

నా మొగ్గు బ్రస్సెల్స్ వైపే. పరిసరాన్ని మార్చడం కంటే, ఆ పరిసరంలో బతకడానికి కణం ఏం మూల్యం చెల్లించిందో లెక్కగట్టడం పదునైన పని. అలాగని ఒకదానికొకటి తోడవుతాయని రెండు దారులనూ కలిపేయడానికి లేదు. జంటబంధాలు ఎక్కువున్న ఆ కొవ్వులు ప్రత్యేకంగా చంపింది పులుపులో ఉన్న కణాలనే. సోడా గెలిచి ఆ పులుపు విరిగిపోతే చేపనూనెకు గురి మిగలదు. ఇది నా తర్కమే, ఎవరి ప్రయోగమూ కాదు. కానీ ఈ రెంటినీ ఒకే పథ్యంలో కలిపి రాసిచ్చే సలహాదారుడు ఈ వ్యాసాల్లో ఏదీ చదవలేదనే నేను అనుకుంటాను.