‘ది ఎర్త్ డైస్ స్క్రీమింగ్’ చిత్రంలో విజ్ఞానమెంత?

అన్యగ్రహవాసులు భూమిపై దండెత్తే కథలంటే విద్యార్థులకు మక్కువ. యాదగిరిగుట్టలో మా తరగతిలోనూ “ఇది నిజంగా జరుగుతుందా సార్?” అన్న ప్రశ్న తరచు వస్తుంది. అటువంటి చిత్రమొకటి తీసుకొని అందులో విజ్ఞానమేదో, కల్పన ఏదో వేరుచేసి చూద్దాము.

టెరెన్స్ ఫిషర్ దర్శకత్వంలో 1964లో బ్రిటన్‌లో తయారైన ఈ నలుపు తెలుపు చిత్రం నిడివి గంటకు కొంచెమే ఎక్కువ. ఒక పల్లెటూరు, కొద్దిమంది నటులు, కొన్ని మరమనుషులు. అయిన ఖర్చు స్వల్పం.

కథారంభంలో రైలు పట్టాలు తప్పుతుంది, విమానం కూలుతుంది, జనం నిలుచున్నచోటనే ప్రాణం విడుస్తారు. కొందరు మాత్రం మిగులుతారు. ఎందువలన? ఒకరు ఎంతో ఎత్తున విమానం నడుపుతున్నారు. మరొకరు ఆస్పత్రిలో ప్రాణవాయువు గుడారంలో ఉన్నారు. ఆ సమయాన వారు బయటి గాలి పీల్చలేదు. కనుక మృత్యువు గాలిలో వచ్చిందని ఊహిస్తారు. ఇది చక్కని తర్కం. 1854లో లండన్‌లో కలరా వ్యాపించినప్పుడు జాన్ స్నో కూడా ఇట్లే ఆలోచించాడు. ఆ పేటలోనే ఉన్న బీరు కర్మాగారపు పనివారు వీధిపంపు నీరు త్రాగలేదు. వారిలో కలరాతో ఎవరూ చనిపోలేదు.

మరమనుషులను నడిపే రేడియో కేంద్రాన్ని దిక్కులు కొలిచి కనుగొనుట రెండవ మంచి ఘట్టం. ఉపాధ్యాయులు దీనిని మైదానంలోనే చూపవచ్చు. దూరదూరంగా రెండు చోట్ల నిలిచి, దూరపు గుట్ట శిఖరం ఏ కోణంలో ఉన్నదో కొలిచి, కాగితంపై గీతలు గీయించండి. అవి కలిసినచోటే శిఖరం.

ఇక లోపాలు. విషవాయువు విశాల ప్రదేశమంతటా ఒక్కమారుగా వ్యాపించజాలదు. 1883లో క్రకటోవా అగ్నిపర్వతపు ధూళి భూమిని చుట్టిరావడానికి సుమారు రెండు వారాలు పట్టింది. అంతకన్న పెద్ద లోపం, చచ్చినవారు రేడియో ఆజ్ఞతో లేచి నడచుట. ప్రాణవాయువు అందని మెదడు కణాలు కొద్ది నిమిషాలలోనే నశించసాగుతాయి. కండరాలకు శక్తి లేక శరీరం బిగుసుకొనిపోతుంది. సంకేతం ఎంత బలమైనదైనా ఆ శక్తిని ఇవ్వలేదు.

బ్రతికినవారి విషయంలో ‘ఎందువలన?’ అని అడిగిన చిత్రం, లేచిన శవాల విషయంలో అడగడం మరచింది. మనమూ అట్లే మరచిపోతాము. 2020లో కరోనా కాలాన వచ్చిన వదంతులలో ఎన్నింటిని ప్రశ్నించకుండానే నమ్మలేదు! విద్యార్థులకు ఈ చిత్రం తప్పక చూపండి. చిత్రం అడగని ప్రశ్నలను వారిచేత అడిగించండి.