సగంలో ఆగిన ఆటలు

వారపత్రికలు చేతులు మారి ఇంటికొచ్చే రోజుల్లో మా కాశిబుగ్గ వీధిలో ఆడవాళ్ళందరికీ ఒక కష్టం ఉండేది. సీరియల్ మంచి పట్టు మీద ఉండగా ఆ వారం సంచిక ఎవరింట్లోనో చిక్కుకుపోయేది. అడిగితే "చుట్టాలు పట్టుకపోయిన్రు" అని జవాబు. పాపం కథానాయిక గుమ్మంలోనే నిలబడి ఉండేది. లోపలికి వెళ్ళిందో, వెనక్కి తిరిగిందో మాకు తెలిసేది కాదు. అంట్లు తోముతూ అమ్మ ఒక ముగింపు చెప్పేది, అక్క ఇంకొకటి, నేను మరొకటి. నవలలు రాయడం నేను అక్కడే నేర్చుకున్నానేమో!

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, మొన్న పండక్కి వచ్చిన మా అక్క కూతురు నాచేత కంప్యూటర్ ఆటలు ఆడించింది. "నవలల మీద రాస్తవు గదా చిన్నమ్మా, వీటి మీద గూడ రాయి" అంది. అష్టాచెమ్మా మీద ఎవరైనా సమీక్ష రాస్తారా అని నవ్వాను. నాలుగు రాత్రులు ఆ తెర ముందు కూర్చున్నాక నా నవ్వు ఎటుపోయిందో!

ముందు పనిముట్టు సంగతి చెప్పాలి. జపానులో ఆస్కీ అనే కంపెనీ 2000లో 'ఆర్.పి.జి. మేకర్ 2000' అని ఒకటి తెచ్చింది. ప్రోగ్రాములు రాయడం రానివాళ్ళు కూడా దానితో ఆట కట్టుకోవచ్చు. తెరంతా అడ్డంగా 20, నిలువుగా 15 గళ్ళు. ఒక్కో గడిలో ఒక్కో బొమ్మబిళ్ళ పరుచుకుంటూ పోవాలి. ఇక్కడ గడ్డి, ఇక్కడ గోడ, ఇక్కడ తలుపు. తలుపు తాకితే ఏం జరగాలో అక్కడున్న జాబితాలోంచి ఎంచి దానికి తగిలించాలి. చుక్కలు పెట్టి ముగ్గువేసే చేతికి ఇదేమంత బ్రహ్మవిద్య కాదు. అందుకే దేశదేశాల పిల్లలు ఆటలు మొదలుపెట్టారు. అందుకే వాటిలో ఎన్నో ముగియనూ లేదు. మొదలుపెట్టడం తేలికైన చోట వదిలెయ్యడమూ తేలికే కదా!

వీటిలో చాలావాటికి పెద్దక్క 'యుమే నిక్కీ'. అంటే కలల డైరీ. 2004లో కికియామా అనే మారుపేరుతో ఎవరో దీన్ని కట్టి, ఉచితంగా లోకం మీదికి వదిలారు. ఆ మనిషి ఆడో మగో నేటికీ తెలియదు. అందులో మాదొత్సుకి అనే పిల్ల తన గది దాటి పోదు. తలుపు దగ్గరికి తీసుకెళ్తే తల అడ్డంగా ఊపుతుంది. మంచమెక్కి పడుకుంటే కల. కలలో 12 తలుపులు, ఒక్కో తలుపు వెనక ఒక్కో లోకం. మాటలు దాదాపు లేవు. గెలుపూ లేదు. ఏరుకోవలసినవి మాత్రం 24 ఉన్నాయి. గొడుగు, సైకిలు, పిల్లనగ్రోవి, పొడుగాటి జుట్టు, అలాంటివి. గొడుగు చేతికొచ్చాక దానితోనే వాన కురిపించుకోవచ్చు, చూశారూ! ఆ గదిలో టీవీ పెడితే మరో చిన్న ఆట, పైనుంచి పడే వంకాయల్ని పట్టుకోవడం.

ముగింపు ఉంది. విషాదమే. చెప్పను లెండి. కాని ఒక చిత్రం చెప్పాలి. ఇలాంటివి పూర్తయ్యాయంటే 1.0 అని అంకె వెయ్యడం రివాజు. ఇది 2007లో 0.10 దగ్గర ఆగింది. అంకె ప్రకారం చూస్తే ఇప్పటికీ సగంలో ఉన్న పనే. నాకు మాత్రం అందులో ఒక్క గది తక్కువైందని అనిపించలేదు. ఒంటరితనం ఎంత దూరం నడిపిస్తుందో అంత దూరం ఉంది, అక్కడ ఆగింది.

అభిమానులు ఆగలేదు. అదే 2007లో జపాను వాళ్ళు కొందరు కలిసి 'యుమే 2క్కీ' మొదలుపెట్టారు. జపాను భాషలో రెండుని 'ని' అంటారు, అదీ ఆ పేరులోని చమత్కారం. ఇక్కడి పిల్ల పేరు ఉరొత్సుకి. ఎవరికి తోచిన లోకం వాళ్ళు తెచ్చి కలుపుతూ వచ్చారు. మొదటి ఆటకంటే ఎన్నో రెట్లు పెరిగింది, ఇంకా పెరుగుతూనే ఉంది.

కొన్ని లోకాలు ఎంత బాగున్నాయంటే, పొయ్యి మీద పాలు పొంగినా లేవబుద్ధి కాలేదు. అయినా నా ఫిర్యాదు నాకుంది. మాదొత్సుకి నడుస్తుంటే ఈ పిల్ల దేన్నుంచి పారిపోతోందో అని గుండె పీకుతుంది. ఉరొత్సుకి నడుస్తుంటే ఇంకా ఏమేం చూపిస్తారో అనిపిస్తుంది. దిగులుపడాల్సిన పిల్ల యాత్రలకు బయల్దేరినట్టు! నలుగురు కోడళ్ళు తలో కూరా వండిన విందులో ఏ ఒక్కరి చేతి రుచీ నిలవదు, కడుపు మాత్రం నిండుతుంది.

చేతులు మారడం తప్పని నేననను. మన భారతమే ముగ్గురి పని. నన్నయ అరణ్యపర్వం మధ్యలో ఆగితే, తిక్కన విరాటపర్వం నుంచి అందుకున్నాడు. మిగిలిన అరణ్యం ఎర్రన చేతికొచ్చింది. ఎర్రన దాన్ని తన రాజుకి కాక నన్నయ ప్రభువైన రాజరాజనరేంద్రుడికే అంకితమిచ్చాడు, నన్నయే రాసినట్టు! మన ఓరుగల్లు సీమ పోతన భాగవతంలోనూ గంగన, సింగన, నారయల చేతులున్నాయి. పూర్తిచేసేవాడు ఎక్కడ కనపడాలో, ఎక్కడ తప్పుకోవాలో తెలియడంలోనే ఉంది కష్టం.

ఇవన్నీ చూపించాక అక్క కూతురు కొంచెం సిగ్గుపడుతూ "నాది గూడ ఒకటుంది, అయిపోలే" అంది. ఇంటర్‌లో ఉండగా యుమే నిక్కీ మీద మోజుతో మొదలుపెట్టిందట. తెర మీద మా అమ్మ ఇల్లు! ఆ ఇల్లు అమ్మేశాం, కొన్నవాళ్ళు కూలగొట్టి మేడ కట్టారు. ఇక్కడ అది పెంకులతో సహా ఉంది. అరుగు, చేదబావి, మగ్గం మీద సగం నేసిన జంఖానా. మగ్గం దగ్గర నిలబడితే ఆ చప్పుడు వినిపించింది. ఎంత పిచ్చిగా గీసినా ఆ గళ్ళలో అబద్ధం లేదు. పేరుబొమ్మ ఆర్భాటంగా గీసి, లోపల రెండు గదులు కట్టి వదిలేసిన ఆటలు ఆ నాలుగు రాత్రుల్లో డజను చూశాను. అవి ఆగిపోయాయన్న బాధ కలగలేదు. దీనికి కలిగింది.

వంటింటి తలుపు తీశాను. అంతా నలుపు.

"ఇదేంటే?"

"గుర్తులేదు చిన్నమ్మా. గిన్నెల స్టాండు ఏ గోడకుండె? అమ్మమ్మ ఉన్నప్పుడే అడగాల్సింది. పోయినంక చెయ్య బుద్ధి గాలే."

నాకు గుర్తుంది. తూర్పు గోడకి. దాని కింద ఉప్పు జాడీ, పక్కన రోలు. చెప్పబోయి ఆగాను. నా పెట్టె అడుగున పదకొండేళ్ళుగా ఒక నవల ఉంది, అందులో నా కథానాయిక గుమ్మంలో నిలబడే ఉంది. దాన్ని ఇంకొకరు తెరిచి లోపలికి నడిపిస్తే నేను ఒప్పుకుంటానా? ఆ చీకటి కూడా ఈ పిల్లదే కదా, అమ్మమ్మ పోయిందన్న సంగతి ఆటలో రాసి ఉన్నది అక్కడొక్కచోటే.

నా మౌనం చూసి అదే అంది: "నీకు గుర్తుంటే చెప్పరాదు? నేనే పెడత."

అడిగాక చెప్పకుండా ఎలా ఉంటాను? ఒక్కో గడీ చెప్పాను, ఒక్కో బిళ్ళా పెట్టింది. రోలు పెట్టే గడి దగ్గరికి వచ్చేసరికి మా అక్క చెయ్యి తుడుచుకుంటూ వచ్చి చూసి, "తూర్పు గోడకెక్కడిది? అక్కడ కిటికీ ఉండె" అంది.

నేను ఒప్పుకోలేదు. అక్కా ఒప్పుకోలేదు. పండగ వెళ్ళి వాళ్ళు ఊరికి బయల్దేరే వేళకి వంటింట్లో స్టాండు రెండు గోడలకీ ఉంది, రోలు మాత్రం ఇంకా పెట్టలేదు.