గోమారి పేగులో దొరికిన జవాబు

లైమ్ వ్యాధికి కారణమైన సూక్ష్మజీవిని విల్లీ బర్గ్‌డార్ఫర్ 1981లో కనిపెట్టారని వైద్య పుస్తకాలు ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు సాగిపోతాయి. ఆ వాక్యం వెనకున్న చేతిపనిని తీరిగ్గా చూడాలి. రోగ నిర్ధారణ కూడా ఒక హస్తకళేనని అప్పుడు తెలుస్తుంది.

ఆయన బల్ల దగ్గరికి చేరేముందు మరికొందరి శ్రద్ధను తలచుకోవాలి. అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రం, లైమ్ పరిసరాలు. పిల్లలకు మోకాళ్లు వాచిపోతుంటే డాక్టర్లు పిల్లల్లో వచ్చే కీళ్లవాతం అన్నారు. అక్కడి పాలీ మర్రే అనే తల్లి ఊరుకోలేదు. ఇంట్లోవాళ్ల బాధలన్నీ రాసిపెట్టుకుంది, ఇరుగుపొరుగు కేసులు పోగుచేసింది, 1975లో ఆరోగ్య శాఖకు తెలియజేసింది. యేల్ వైద్యుడు ఆలెన్ స్టీర్, ఆరోగ్య శాఖ తరఫున డేవిడ్ స్నిడ్‌మన్ రంగంలోకి దిగి 51 మంది రోగులను గుర్తించారు. వారిలో 39 మంది పిల్లలు. కొన్ని పల్లె రోడ్ల వెంట ప్రతి పదిమంది పిల్లల్లో ఒకరికి ఈ జబ్బుంది. కీళ్లవాతం అలా ఒకేచోట గుంపుగా రాదు. పైగా చాలామందికి ఎండాకాలంలోనే మొదలైంది. పాతికశాతం మందికి అంతకుముందు చర్మంమీద ఎర్రటి మచ్చ లేచి వలయంలా పాకింది. యూరప్ వైద్యులు 1909 నుంచే అలాంటి మచ్చను గోమారి కాటుతో ముడిపెడుతున్నారు. అనుమానం గోమారి దాకా వచ్చింది గానీ దానిలో దాగినదేమిటో దొరకలేదు.

మాంటానా రాష్ట్రం హామిల్టన్‌లోని రాకీ మౌంటెన్ ప్రయోగశాలలో బర్గ్‌డార్ఫర్ పని వేరు. న్యూయార్క్ ప్రాంతంలో కనిపిస్తున్న స్పాటెడ్ ఫీవర్‌కు మూలమైన రికెట్సియా అనే సూక్ష్మజీవి కోసం ఆయన గోమార్లను పరీక్షిస్తున్నారు. అందుకు ఆయన తీర్చిదిద్దిన పద్ధతి ముచ్చటైనది. బతికున్న గోమారి కాలి కొసను తుంచితే దాని ఒంట్లో తిరిగే ద్రవం ఒక చుక్క బయటికొస్తుంది. ఆ చుక్కను గాజు పలకమీద అద్ది, రంగువేసి సూక్ష్మదర్శిని కింద చూస్తారు. గోమారి చావదు, అవసరమైతే మళ్లీ పరీక్షించవచ్చు. ఇంత చిన్న ప్రాణినుంచి, దాన్ని పాడుచేయకుండా సమాచారం రాబట్టడం ఎంత నేర్పు!

ఆ ప్రాంతంలోని షెల్టర్ ఐలాండ్ నుంచి వచ్చిన జింక గోమార్లలో రికెట్సియా కనబడలేదు. కానీ రెండు ఆడ గోమార్ల చుక్కల్లో ఫైలేరియా జాతి పిల్ల పురుగులు కనిపించాయి. అవి తను వెతికేవి కావని పక్కన పెట్టేయవచ్చు. ఆయన మాత్రం ఇవి ఇంకెక్కడున్నాయో చూద్దామని ఆ గోమార్లను కోసి, అవయవాలను విడివిడిగా పరిశీలించారు. నడిమి పేగు పలకమీద, రంగు సరిగా పట్టని, మెలికలు తిరిగిన పొడవాటి జీవులు కనిపించాయి. స్పైరోకీట్లు!

వాటిని చూడగానే పోల్చుకోవడం అదృష్టం కాదు. స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో ఆయన చేసిన డాక్టరేట్ పరిశోధన గోమార్లలో పెరిగే స్పైరోకీట్లమీదే. దశాబ్దాల కిందట కంటికి పట్టిన ఆ రూపం సమయానికి అక్కరకొచ్చింది. ఆయన అక్కడితో ఆగలేదు. లైమ్ రోగుల రక్తంలోని యాంటీబాడీలు ఈ జీవులకు అంటుకుంటాయా అని చూశారు, అంటుకున్నాయి. సహచరుడు ఆలన్ బార్బర్ వాటిని ప్రయోగశాలలో పెంచగలిగారు. 1982లో సైన్స్ పత్రికలో వ్యాసం వచ్చింది. మరుసటి ఏడు రోగుల శరీరంలోంచే ఆ జీవిని వేరుచేశారు. 1984లో దానికి బొరేలియా బర్గ్‌డార్ఫెరి అని పేరు పెట్టారు.

ఈ పనివాడితనం నేటి వైద్యంలోనూ నిలవాలి. ఈ రోగాన్ని ఎక్కువగా అంటించే పిల్లదశ గోమారి గసగసాల గింజంతే. కుట్టిన సంగతి చాలామందికి తెలియదు. యాంటీబాడీలు తయారవడానికి వారాలు పడుతుంది కాబట్టి తొలిరోజుల్లో రక్తపరీక్ష నెగటివ్ రావచ్చు. గోమార్లు తిరిగే ప్రాంతంలో పాకే మచ్చ స్పష్టంగా ఉంటే, నేర్పున్న డాక్టరు పరీక్షకోసం ఎదురుచూడకుండా డాక్సీసైక్లిన్ మొదలుపెడతాడు. ఆ దశలో పదిరోజుల కోర్సు చాలు. మచ్చ లేకపోతే రెండంచెల రక్తపరీక్ష చేయిస్తాడు. జబ్బు నయమయ్యాక కూడా యాంటీబాడీలు ఏళ్లతరబడి ఉండిపోతాయి కనుక, కేవలం పాజిటివ్ కాగితాన్ని చూసి మళ్లీ మందు రాయడు. నొప్పి, నీరసం మిగిలిపోయిన రోగి మాటను కొట్టిపారేయడు. అలాగని నెలలకొద్దీ యాంటీబయాటిక్స్ ఇవ్వడు. వాటితో మేలు జరగదని రోగులపై జరిపిన అధ్యయనాల్లో తేలింది.

తను వెతికేది దొరకనప్పుడు దొరికినదాన్ని గౌరవంగా పరిశీలించడం, చూసినదాన్ని పోల్చుకునేంత చదువు ముందే సంపాదించుకుని ఉండడం, పోల్చుకున్నాక కూడా రుజువు కోరడం. బర్గ్‌డార్ఫర్ పనిలో ఈ మూడూ ఉన్నాయి. రోగి ముందు కూర్చునే ప్రతి వైద్యుడూ నేర్చుకోవలసిన పనితనమిదే.