ఏడు చేపలూ, ఒక నిచ్చెనా

తెలుగు పిల్లల చేతికి మొట్టమొదటి బొమ్మల పుస్తకం ఒక్కటే చేసివ్వమంటే నేను ఏడు చేపల కథనే ఎంచుకుంటాను. రాజుగారి ఏడుగురు కొడుకులు, ఏడు చేపలు, అందులో ఎండని ఒక్క చేప. అందరికీ తెలిసిన కథే. తెలిసి ఉండటమే దాని బలం. కథ ముందే నోటికి వచ్చి ఉంటే పిల్లకు మిగిలే పని ఒక్కటే: నోట్లో ఆడుతున్న మాట కాగితం మీద ఎక్కడుందో పట్టుకోవడం.

ఆ కథ కట్టుబడి చూడండి. చేప నెపం గడ్డి మీదికి నెడుతుంది, గడ్డి ఆవు మీదికి, ఆవు పాలేరు మీదికి, పాలేరు అవ్వ మీదికి, అవ్వ ఏడ్చే పిల్లాడి మీదికి, పిల్లాడు చీమ మీదికి. ఒక్కో ఊళ్లో ఒక్కో తీరుగా చెప్పినా గొలుసు మాత్రం తెగదు. అడిగే వాక్యం ప్రతిసారీ అదే అచ్చులో వస్తుంది. పేరు మారుతుంది, క్రియ మారుతుంది, మధ్యలో ‘ఎందుకు’ మాత్రం కదలదు. కథ సగం దాటేదాకా చాలా వాక్యాల చివర ‘లేదు’ కూడా అలాగే ఉంటుంది. నాలుగో పుటకు వచ్చేసరికి ఈ రెండు మాటలనూ పిల్లలు కూడబలుక్కోకుండానే గుర్తుపడతారు. ఎవరూ వల్లెవేయించకుండా, కథే ఆ పని చేసిపెడుతుంది.

అక్షరాల దగ్గరికి వస్తే ఇంకా ముచ్చటేస్తుంది. ఒకటో తరగతిలో పిల్లలను తికమకపెట్టే అక్షరాల్లో ప, వ, మ ముందుంటాయి. చేపలో ప ఉంది, అవ్వలో వ ఉంది, చీమలో మ ఉంది. పకు తలకట్టు విడిగా ఉంటుంది, వకు అంటుకుని ఉంటుంది, వకు కుడిపక్కన కొమ్ము తగిలిస్తే చూపుకు మ అయిపోతుంది. అందుకే మన లిపి ‘వు’ రాసేటప్పుడు కొమ్మును పక్కన నిలపకుండా కిందికి దించుతుంది. ఆవు పుటలో ఆ ‘వు’ ఉంది. ఆవు పుటనూ చీమ పుటనూ పక్కపక్కన పెట్టి కొమ్ము ఎక్కడ కూర్చుందో వేలితో తడిమి చూపిస్తే, ఏడాదంతా వేధించే తికమక అక్కడికక్కడే చాలామటుకు తీరుతుంది. ఒత్తులదీ అదే వరస. గడ్డి, అవ్వ: రెండింటిలోనూ అక్షరం కింద అదే అక్షరం. డ కింద తలకట్టు లేని చిన్న డ, వ కింద తలకట్టు లేని చిన్న వ. క్ష, స్త్ర లాంటి వాటితో కుస్తీ పట్టక ముందు ఒత్తు అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకంటే మంచి మాటలు దొరకవు.

ఈ కథను క్లాసంతా చూసే పెద్ద పుస్తకంగా కుట్టడంలో పనితనం వేరే ఉంది. న్యూజిలాండ్‌కు చెందిన డాన్ హోల్డవే 1970లలో ఈ దారి వేశాడు. 1979లో వచ్చిన ‘ది ఫౌండేషన్స్ ఆఫ్ లిటరసీ’లో దాన్ని వివరంగా రాశాడు. పడుకోబోయే ముందు అమ్మ ఒళ్లో కూర్చుని పుస్తకం చూసే పిల్లలు బడికి రాకముందే సగం చదువరులవుతున్నారని అతను గమనించాడు. ఆ ఒళ్లో పుస్తకాన్ని ముప్పై మందికి కనిపించేలా పెద్దది చేసి, టీచరు చదువుతూ ఒక్కో మాట కింద పుల్ల ఆనిస్తూ పోతే, ఇంట్లో పుస్తకం లేని పిల్లకు కూడా ఆ భాగ్యం దక్కుతుందన్నది అతని ఆలోచన. మన బళ్లలో దీనికి కావలసిన సరంజామా చార్టు షీట్లు, స్కెచ్ పెన్నులు, గట్టి దారం, దబ్బనం. అంతే.

సామాను చవకే గాని పని తేలిక కాదు. ప్రశ్న ఒక పుటలో ఉండాలి, జవాబు పుట తిప్పితే గాని కనిపించకూడదు. పక్కపక్కనే ఉంటే పిల్లల కళ్లు జవాబు బొమ్మ మీదికే పోతాయి, అక్షరాల మీద నిలవవు. బొమ్మ మీద అక్షరాలు రాయకూడదు. వెనక కూర్చున్న పిల్లకు కూడా కనిపించేంత ఎత్తున, తెల్ల కాగితం మీద నల్లగా ఉండాలి. మన భాషకే ఉన్న చిక్కు ఇంకొకటి ఉంది. ‘ఎందుకు’, ‘ఎండలేదు’ అనే రెండు మాటలు నోట్లో కలిసిపోయి ఒకటవుతాయి. కలిపి రాస్తే ‘ఎందుకు’ తర్వాతి పుటలో గుర్తుపట్టడానికి వీల్లేకుండా రూపు మారుతుంది. విడదీసి రాస్తే పుల్ల రెండు చోట్ల ఆగుతుంది, నోరు ఒక్కచోటే ఆగుతుంది. చెయ్యి తిరిగిన టీచరు విడదీసే రాసి, మొదటిసారి విడివిడిగా, రెండోసారి కొంచెం కలిపి, మూడోసారి మామూలుగా చదువుతుంది. మాటలు కలవడం పిల్లలు చెవితో వింటారు, విడిపోవడం కంటితో చూస్తారు. వ్యాకరణం పుస్తకం తెరవకుండానే సంధి అర్థమయ్యే ఘడియ అది.

పుస్తకం మూశాక చేతులకు పని. ఏడుగురు పిల్లలు ఏడు బొమ్మలు పట్టుకుని వరసలో నిలబడతారు, మిగతావాళ్లు ఎవరు ఎవరి పక్కన ఉండాలో సర్దుతారు. తర్వాత చీమ నుంచి వెనక్కి చెప్పమంటే, కారణం ముందా ఫలితం ముందా అన్న ఆలోచన మొదలవుతుంది. నేల మీద సుద్దముక్కతో మూరెడు ‘చీ’ గీసి, చెయ్యి ఎటు తిరగాలో అటే వరసగా చింతపిక్కలు పేర్చమంటారు. ఎటు నుంచి మొదలుపెట్టారన్నదే అసలు సంగతి. పేర్చడం పూర్తయ్యాక చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి, కాబట్టి టీచరు కన్ను పేర్చేటప్పుడే ఆ చేతుల మీద ఉండాలి.

ఇదంతా ఏ ఊళ్లోనైనా చేయొచ్చు. ఆలూరులో దీని అవసరం వేరు. కర్నూలు జిల్లా పడమటి అంచున, బళ్లారి వైపు ఉన్న ఊరు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆదోని, రాయదుర్గం తాలూకాలతో పాటు ఆలూరు తాలూకా కూడా బళ్లారి జిల్లాలోనే ఉండేది. ఇప్పటికీ చాలా ఇళ్లలో కన్నడం, తెలుగు రెండూ నడుస్తాయి. ఈ సరిహద్దు మండలాల్లో కన్నడ మాధ్యమం బడులూ ఉన్నాయి. ఇంట్లో మీను అనే పిల్లకు బడిలో చేప, ఇరువె అనే పిల్లకు చీమ. బొమ్మ ఉంటే ఈ రెండు మాటలకూ మధ్య ఎవరూ అనువాదం చేయక్కర్లేదు, బొమ్మే చేస్తుంది.

అంతకంటే పెద్ద సంగతి వలస. వాన మీద బతికే నేల ఇది. పత్తి, శెనిక్కాయ, ఉల్లి పంటలు చేతికొచ్చినా రాకపోయినా, పనులు అయిపోగానే కుటుంబాలకు కుటుంబాలు సుగ్గికి కదులుతాయి. గుంటూరు వైపు మిరపకాయల కోతకు, బెంగళూరు వైపు కట్టడాల పనికి. సీజనల్ హాస్టళ్లలో కొందరు పిల్లలు మిగులుతారు, కొందరు అమ్మానాన్నల వెంట పోతారు. తిరిగొచ్చేసరికి క్లాసు వాచకంలో ఎన్నో పాఠాలు దాటిపోయి ఉంటుంది. వరసగా సాగే పాఠానికి ఒకే వాకిలి ఉంటుంది, ఆ వాకిలి జూన్‌లో తెరుచుకుని మూసుకుపోతుంది. గొలుసు కథలో ప్రతి పుటా ఒక వాకిలే. మూడు నెలల తర్వాత వచ్చిన పిల్ల ఏ పుట దగ్గర కూర్చున్నా, అదే ప్రశ్న, అదే ‘ఎందుకు’ పలకరిస్తాయి. పైగా గుంటూరు మిరప కళ్లాల్లో కాయలు ఆరబోసి, తిరగేసి, మబ్బు పట్టగానే కుప్ప చేసి పట్టలు కప్పడం చూసిన పిల్లకు, ఎండలో వేసింది ఎందుకు ఎండలేదన్న ప్రశ్న వట్టి కథ కాదు. దానికి కథలో లేని జవాబులు కూడా ఆ పిల్ల దగ్గర ఉంటాయి. అవి చెప్పించి, చార్టు మీద రాసి, ఆ పిల్ల చేతే చదివించడం కంటే గొప్ప పఠన పాఠం నాకు తెలియదు.

ఒక కథలో ఉన్న ఈ గుణాన్ని మొత్తం ప్రాథమిక చదువుకే పట్టించిన పని కూడా రాయలసీమలోనే జరిగింది. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీలో, 1980ల చివర్లో, వై. ఎ. పద్మనాభరావు, రమ దంపతులు చుట్టుపక్కల పల్లెల్లోని ఏకోపాధ్యాయ బడుల కోసం తయారుచేసిన కార్డుల పెట్టె. ఆ సంస్థ పేరు రిషివ్యాలీ ఇన్‌స్టిట్యూట్ ఫర్ ఎడ్యుకేషనల్ రిసోర్సెస్, అందరూ రివర్ అంటారు. పద్ధతి పేరు బహుళ తరగతి, బహుళ స్థాయి బోధన. పేరు బరువుగా ఉంది గాని, వస్తువు మహా తేలిక.

వాచకాన్ని విడగొట్టి చిన్న చిన్న పనులుగా చేశారు. ఒక్కో పనికి ఒక్కో కార్డు. కార్డు మూల మీద ఒక గుర్తు, ఒక అంకె. గోడ మీద నిచ్చెన పటం. అందులో ప్రతి మెట్టు దగ్గరా ఆ గుర్తులు, ఆ అంకెలే. పిల్ల నిచ్చెన దగ్గరికి వెళ్లి తాను ఎక్కడుందో చూసుకుంటుంది, ఆ గుర్తున్న అర నుంచి ఆ అంకె కార్డు తీసుకుంటుంది, ఏ గుంపులో కూర్చోవాలో కూడా గుర్తే చెబుతుంది. టీచరు దగ్గర కూర్చోవలసిన పని కొన్ని, టీచరు కాస్త చెయ్యి వేస్తే చాలేవి కొన్ని, తోటి పిల్లలతో చేసేవి కొన్ని, ఒంటరిగా చేసుకునేవి కొన్ని. మొదట పరిచయం, తర్వాత అభ్యాసం, ఆ తర్వాత ఎంత వచ్చిందో చూసే కార్డు. రాకపోతే పక్కదారి పట్టించి మళ్లీ అక్కడికే తెచ్చే కార్డులు, వస్తే ఇంకొంచెం ముందుకు ఆడించే కార్డులు.

ఇక్కడ నన్ను కట్టిపడేసేది ఆ గుర్తు. అక్షరం రాని పిల్ల కూడా తన చదువు పటాన్ని తానే చదువుకోగలదు. చదవడం రాకముందే చదివే పని మొదలవుతుంది, అదీ తన గురించి. వచ్చే మెట్టు ఏమిటో ఎవరినీ అడగక్కర్లేదు. అన్నిటికంటే, ఎక్కడ ఆగిందో అక్కడే ఉంటుంది. గొర్రెల వెంట నెల తిరిగి వచ్చినా, కోతలకు పోయి వచ్చినా, నిచ్చెన మీద ఆ పిల్ల మెట్టు అలాగే ఉంటుంది. వెనకబడ్డావు అనే మాటకు అక్కడ చోటు లేదు, ఎందుకంటే ముందు నడిచే క్లాసు అనేదే లేదు. రివర్ వాళ్లు పల్లె తల్లులను బడికి పిలిచి కథలు చెప్పించుకుని, ఆ కథలను చదివే కార్డులుగా మలిచారు కూడా. అమ్మ చెప్పిన కథ బడి పెట్టెలో కార్డై కనిపించిన పిల్లకు అక్షరం మీద కలిగే నమ్మకం ఏ ప్రైవేటు బడి రంగుల వాచకమూ ఇవ్వలేదు.

ఈ పని ఎంత దూరం పోయిందో ఆలూరు వాళ్లకు తెలియాలి. 1995లో మైసూరు జిల్లా హెచ్.డి. కోటె నుంచి ప్రభుత్వ టీచర్లు రిషివ్యాలీ వచ్చి చూసి, యూనిసెఫ్ తోడ్పాటుతో ‘నలి-కలి’ మొదలుపెట్టారు. తర్వాత అది కర్ణాటక ప్రభుత్వ బడుల్లోని కింది తరగతులకు పాకింది. 2003లో చెన్నై కార్పొరేషన్ బళ్లు అందుకున్నాయి, అక్కడి నుంచి తమిళనాడంతా. నలి-కలిలో అక్షరాలు అ, ఆ వరసలో రావు. ర, గ, స, ద, అలతో మొదలవుతాయి. వాటితోనే రాజు అనే అర్థమిచ్చే ‘అరస’, రంపం అనే అర్థమిచ్చే ‘గరగస’ లాంటి మాటలు కట్టొచ్చు. అక్షరాలన్నీ వచ్చేదాకా ఆగకుండా, ఐదు అక్షరాలతోనే పిల్ల మాట చదివేస్తుంది. రాయలసీమ మట్టిలో పుట్టిన నిచ్చెన ఆలూరు పక్కనే, బళ్లారి పల్లెల బళ్లలో, కన్నడంలో గోడెక్కింది. చూడాలనుకునే టీచరుకు మదనపల్లె దాకా పోయే పని లేదు.

అచ్చయిన పుస్తకాలకూ ఇప్పుడు కొరత లేదు. 1996లో చెన్నైలో మొదలైన తూలికా తెలుగు, ఇంగ్లీషు కలిపిన బొమ్మల పుస్తకాలు వేస్తోంది. హైదరాబాదు మంచి పుస్తకం వాళ్లు చవక ధరల్లో ఇస్తున్నారు. 2004లో మొదలైన ప్రథమ్ బుక్స్, 2015 నుంచి స్టోరీవీవర్‌లో ఉచితంగా పెడుతోంది. రోహిణీ నీలేకని ‘నోని’ పేరుతో రాసిన శృంగేరి శ్రీనివాసు కథలో, ఏడాదికోసారి జుట్టు కత్తిరించుకునే రోజున అతను మంగలిని, దర్జీని, వడ్రంగిని వరసగా అడుగుతూ పోతాడు. అదీ గొలుసే. ఏడు చేపలు చదివిన పిల్లలు రెండో పుటకే ఆ పట్టు దొరకబుచ్చుకుంటారు. రాష్ట్ర సమగ్ర శిక్ష 2020 నవంబరులో ‘చదవడం మాకిష్టం’ మొదలుపెట్టాక బళ్లకు పుస్తకాలు రావడం పెరిగింది. చిరిగిపోతాయని వాటిని బీరువాలో పెట్టి తాళం వేయడం మాత్రం నాకు మింగుడుపడదు. ఆంధ్రదేశంలో గ్రంథాలయోద్యమాన్ని నడిపిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు పుట్టిన కర్నూలు ఇది. చిరిగిన పుటకు టేపు వేయడం కూడా పిల్లలకు నేర్పవలసిన పనే, బాగా నలిగిన పుస్తకమే బాగా చదివిన పుస్తకం.

ఆలూరు బడి గోడ మీద నిచ్చెన వేసేవాళ్లు మొదటి మెట్లలో ఏడు చేపలు పెట్టుకుంటే పై మెట్లకు సరుకు ఊళ్లోనే ఉంది. ఉల్లిగడ్డ ధర పడిపోయిన కథ, గుంటూరు పోయే లారీ కథ, దసరా రాత్రి దేవరగట్టు కొండకు పోయే కర్రల కథ. వాటిని తెలుగులో ఒకసారి, కన్నడంలో ఒకసారి చెప్పించి, చార్టు షీట్లను నిలువుగా రెండుగా కోసి రాయించి, సుగ్గికి పోయే నెలకు ముందే కుట్టి ముగిస్తే, పోయే పిల్లల సంచిలో ఒక్కో పుస్తకం పడుతుంది.